3,500 కిలోల గీత: బ్రిటన్‌లో మోటర్‌హోమ్ కొనేముందు చూడాల్సిన లైసెన్స్, ప్లేటు, కాటా

బ్రిటన్‌లో మోటర్‌హోమ్ కొనాలని షోరూముకు వెళ్లినవాళ్లు ముందు పడక చూస్తారు, తర్వాత స్టవ్వు, ఆ తర్వాత బాత్రూము. అమ్మేవాళ్లూ అదే వరుసలో చూపిస్తారు. బరువుల పట్టిక బ్రోషరు చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ ఆ బండిని ఇంట్లో ఎవరు నడపొచ్చో, ఎంతమంది ఎంత సామానుతో ఎక్కొచ్చో నిర్ణయించేది ఆ పట్టికే. పడక నచ్చకపోతే పరుపు మార్చుకోవచ్చు. బరువు కుదరకపోతే మార్చుకోగలిగేది చాలా తక్కువ.

బండికి తయారీదారు వేసే ఒక చిన్న ప్లేటు ఉంటుంది, చాలావరకు బానెట్ కిందో తలుపు చట్రం దగ్గరో. దాని మీద కిలోల్లో నాలుగు అంకెలు కనిపిస్తాయి. మొదటిది, బండి మనుషులతో, సామానుతో, ఇంధనంతో, నీళ్లతో కలిపి తూగదగ్గ గరిష్ఠ బరువు. రెండోది, వెనక ట్రెయిలర్ తగిలిస్తే రెండింటికీ కలిపి ఉన్న హద్దు. మూడు, నాలుగు అంకెలు ముందు, వెనక యాక్సిళ్లవి (చక్రాల ఇరుసులవి). మన ఆర్సీలో జీవీడబ్ల్యూ అని రాసేది ఈ మొదటి అంకెనే. యూరప్‌లో అమ్ముడయ్యే మోటర్‌హోమ్‌లలో చాలావాటికి అది సరిగ్గా 3,500 ఉంటుంది. ఇంజినీరింగ్ కారణంతో వచ్చిన అంకె కాదది. కింద ఉన్న చాసిస్ అంతకంటే ఎక్కువే మోయగలిగినా, కొనేవాళ్లలో ఎక్కువమంది దగ్గరున్న లైసెన్స్ అక్కడితో ఆగిపోతుంది కాబట్టి ప్లేటునూ అక్కడే ఆపుతారు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వీటిని కలిపేసుకోవడం వల్లే గందరగోళం. లైసెన్స్ సరిపోతుందా అన్నది ప్లేటు మీది గరిష్ఠ బరువును బట్టి తేలుతుంది, ఆ రోజు బండి నిజంగా ఎంత తూగిందన్నదానితో పనిలేదు. ఓవర్‌లోడ్ అయిందా అన్నది మాత్రం కాటా మీద తూగిన అసలు బరువును బట్టి తేలుతుంది. 3,850 ప్లేటున్న బండిని ఖాళీగా నడుపుతున్నాను, 3,300 కూడా తూగదు, కారు లైసెన్స్ చాలదా అని వాదించేవాళ్లుంటారు. చాలదు. పెద్ద లైసెన్స్ ఉంది కదా, 3,500 ప్లేటున్న బండిలో ఇంకో 200 కిలోలు వేస్తే ఏమవుతుందనేవాళ్లూ ఉంటారు. అదీ నేరమే. ఈ రెండింటిలో మొదటి తప్పు చేసినవాళ్లకు 1,000 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద పాయింట్లు పడొచ్చు. అంతకంటే పెద్ద చిక్కు బీమాతో వస్తుంది. నడపడానికి అర్హత లేని బండిని నడిపితే బీమా ఉన్నా లేనట్టే అయ్యే ప్రమాదం ఉంది.

లైసెన్స్ సంగతికొస్తే, బ్రిటన్‌లో చరిత్రను రెండు ముక్కలు చేసిన తేదీ 1997 జనవరి 1. అంతకు ముందు కారు టెస్టు పాసైనవాళ్లకు అడగకుండానే సీ1 హక్కు కూడా దక్కింది. అంటే 7,500 కిలోల దాకా బండి నడపొచ్చు, ట్రెయిలర్ తగిలిస్తే మొత్తం 8,250 దాకా. ఆ తేదీ తర్వాత పాసైనవాళ్లకు వచ్చేది 3,500 కిలోల హద్దున్న బీ కేటగిరీ ఒక్కటే. యూరోపియన్ దేశాలన్నీ లైసెన్స్ కేటగిరీలను ఒక దారిలోకి తెచ్చుకునే క్రమంలో వచ్చిన మార్పు ఇది. జర్మనీలో కూడా 1998 చివరిదాకా కారు లైసెన్స్ మీదే ఏడున్నర టన్నుల బండి నడిపేవాళ్లు. తమకు ఏ హక్కు ఉందో తెలియనివాళ్లు ఊహించుకోనక్కర్లేదు. ఫొటోకార్డు వెనక పట్టికలో సీ1 గడి ఎదురుగా తేదీలున్నాయేమో చూస్తే చాలు. అక్కడ రెండో తేదీ కూడా చూడాలి, హక్కు ఎప్పటిదాకా ఉందో చెప్పేది అదే.

పాతవాళ్లకు ఆ రెండో తేదీ 70వ పుట్టినరోజు చుట్టూ పడుతుంది. 70 నిండినప్పుడు కారు హక్కు మూడేళ్లకోసారి సొంత వాంగ్మూలంతోనే పొడిగించుకోవచ్చు. సీ1 కావాలంటే అది చాలదు. డాక్టరు పరీక్ష చేసి నింపిన డీ4 ఫారం పెట్టాలి, ఆ తర్వాత ప్రతి మూడేళ్లకూ మళ్లీ పెట్టాలి. కంటిచూపు లెక్క కూడా కారు డ్రైవర్ల కంటే గట్టిగా ఉంటుంది: మెరుగైన కంట్లో 6/7.5, రెండో కంట్లో కనీసం 6/60. ఇన్సులిన్ తీసుకునే మధుమేహులకు అదనపు షరతులున్నాయి. మన కుటుంబాల్లో చక్కెర వ్యాధి ఎంత మామూలో తెలిసిందే కాబట్టి, యాభైల్లో ఉండి నాలుగున్నర టన్నుల బండి కొంటున్నవాళ్లు ఈ షరతును బండి ధరతో పాటే లెక్కేసుకోవడం మంచిది. 70 దాటాక వైద్య నివేదిక పెట్టకుండా ఊరికే లైసెన్స్ రెన్యువల్ చేయించుకుంటే సీ1 గడి చప్పుడు లేకుండా మాయమవుతుంది, బండి మాత్రం వాకిట్లోనే ఉంటుంది.

1997 తర్వాత పాసైనవాళ్లు సీ1 తెచ్చుకోలేరని కాదు. ముందు వైద్య నివేదికతో ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్స్ తీసుకోవాలి, తర్వాత లారీ డ్రైవర్ల థియరీ, ఆపైన కనీసం 4,000 కిలోల గరిష్ఠ బరువున్న బండితో ప్రాక్టికల్ టెస్టు. సొంత వాడకానికే కాబట్టి వృత్తి డ్రైవర్ల అదనపు పరీక్షలు అక్కర్లేదు. కాకపోతే ఇలా టెస్టు పెట్టుకుని సంపాదించిన సీ1కి నియమాలు పాతవాళ్లకు ఉచితంగా వచ్చినదానికంటే కఠినం. 45 ఏళ్ల నుంచి అయిదేళ్లకోసారి, 65 దాటాక ఏటా వైద్య నివేదిక పెట్టాలి. కష్టపడి సంపాదించినవాళ్లకే ఎక్కువ తనిఖీ అన్నమాట. న్యాయంగా లేదు, కానీ చట్టం అదే.

తెలుగువాళ్లకు ఇందులో మరో మెలిక ఉంది. భారత మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అంటే 7,500 కిలోల దాకా. ఎల్ఎంవీ లైసెన్స్‌తో ఆ బరువు లోపలి రవాణా వాహనం కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో తీసుకున్న ఎల్ఎంవీ లైసెన్స్ చేతిలో ఉన్నవాళ్లకు నాలుగు టన్నుల బండి నాకెందుకు కుదరదు అనిపించడం సహజం. అయితే బ్రిటన్‌కు చుట్టపుచూపుగా వచ్చి భారత లైసెన్స్ మీద నడిపేవాళ్లకు అక్కడ రిజిస్టరైన బండ్లలో చిన్న వాహనాల దాకే అనుమతి, అంటే 3,500 కిలోలు, డ్రైవరు కాక ఎనిమిది సీట్లు. స్థిరపడినవాళ్లకు ఆ వెసులుబాటు కూడా నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలే. భారత లైసెన్స్‌ను ఇచ్చి నేరుగా బ్రిటిష్ లైసెన్స్ పుచ్చుకునే ఏర్పాటు లేదు. ప్రొవిజనల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే, పాసయ్యాక వచ్చేది బీ మాత్రమే. హైదరాబాద్‌లో 1990లోనే లైసెన్స్ తీసుకున్నానన్న మాట ఇక్కడ లెక్కలోకి రాదు.

అమెరికాలో ఉన్న బంధువుల అనుభవం కూడా ఇక్కడ పనికిరాదు. డాలస్‌లో కుటుంబాలు అద్దెకు తీసుకునే మోటర్‌హోమ్‌లు చాలావరకు ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టినవి. దాని గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు, అంటే దాదాపు 6,580 కిలోలు. టెక్సస్‌లో మామూలు కారు లైసెన్స్ 26,000 పౌండ్ల దాకా నడుస్తుంది కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఆస్ట్రేలియాలో కారు లైసెన్స్ 4,500 కిలోల దాకా, న్యూజీలాండ్‌లో 6,000 దాకా పనికొస్తుంది. అందరిలోకీ ఇరుకైన గీత యూరప్‌దే.

ఇక అసలు లెక్క. ప్లేటు 3,500 అయితే అందులో కుటుంబానికి మిగిలేది ఎంత? బ్రోషర్లో 'రన్నింగ్ ఆర్డర్' బరువు అని ఒక అంకె ఇస్తారు. అందులో 75 కిలోల డ్రైవరు, 90 శాతం ఇంధనం, గ్యాసు, కొంత నీరు కలిసి ఉంటాయి. ఎంత నీరన్నది చూసుకోవాలి. వంద లీటర్ల ట్యాంకు ఉన్నా ప్రయాణ స్థితి పేరుతో 20 లీటర్లే లెక్కలో చూపించే బండ్లున్నాయి. గరిష్ఠ బరువులోంచి ఈ అంకె తీసేస్తే వచ్చేది పేలోడ్, అంటే ఇంకా వేసుకోదగ్గ భారం.

ఏడు మీటర్ల పొడవు, నాలుగు సీట్లు, 3,050 కిలోల రన్నింగ్ ఆర్డర్ బరువు ఉన్న ఒక బండిని ఊహించుకుందాం. కాగితం మీద 450 కిలోలు మిగులుతాయి, బాగానే కనిపిస్తుంది. డ్రైవరు కాక ముగ్గురు ఎక్కితే, ఒకరు 65 కిలోలు, ఎదిగిన పిల్లలిద్దరూ కలిసి 110 అనుకున్నా, 175 పోతుంది. మిగిలింది 275. షోరూములో బతిమాలకుండానే తగిలించే సరంజామా ఉంటుంది: పక్కన విప్పుకునే ఆనింగు (నీడ పందిరి) 30 కిలోలు, రెండో బ్యాటరీ 25, సోలార్ ప్యానెల్, డిష్షు, వాటి బిగింపులు. అన్నీ కలిపి 70 అనుకుంటే 205. నీళ్ల ట్యాంకు నిండా పడితే లెక్కలో లేని 80 లీటర్లు, అంటే 80 కిలోలు. ఇక 125 మిగిలాయి. నలుగురి బట్టలు, పరుపుల మీది దుప్పట్లు, గిన్నెలు, కుర్చీలు, కరెంటు కేబుల్, లెవెలింగ్ దిమ్మలు, వారానికి సరిపడా సరుకులు అందులోనే సర్దాలి. ప్రెషర్ కుక్కరు, పది కిలోల సోనామసూరి సంచి, పచ్చళ్ల జాడీలు లేకుండా కదలని ఇల్లయితే ఇంకా ఇరుకు. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, వాటి స్టాండు కలిపితే మరో 60 కిలోల పైమాటే.

ఇదంతా బ్రోషరు నిజమే చెప్పిందనుకుంటే. యూరోపియన్ నియమాల ప్రకారం రన్నింగ్ ఆర్డర్ బరువులో 5 శాతం అటూఇటూ తేడా చెల్లుతుంది. 3,050కి 5 శాతమంటే 152 కిలోలు. తేడా ఎక్కువవైపు పడితే, పైన మిగిలిన 125 ఎగిరిపోయి బండి సరుకులు ఎక్కకముందే హద్దు దాటుతుంది. తయారీదారు తప్పు చేసినట్టు కాదు, అమ్మినవాళ్లు అబద్ధం ఆడినట్టూ కాదు. అన్నీ చట్టం లోపలే. బరువు మోసేది కొనుక్కున్నవాళ్లు.

కనీస పేలోడ్ అని నియమం ఒకటి ఉంది కదా అంటే, ఉంది. మనుషుల సంఖ్యకు మీటర్లలో బండి పొడవు కలిపి పదితో హెచ్చించాలి. నలుగురికి, ఏడు మీటర్లకు అది 110 కిలోలు. ఇది ప్రయాణికుల బరువు పోగా వారి సామానుకి. మనిషికి 27 కిలోల చొప్పున, విమానంలో చెక్-ఇన్ చేసే సూట్‌కేసు అంత. వంటిల్లు, మంచం, సైకిలు అన్నీ వెంట తీసుకెళ్లడానికి కొన్న బండికి చట్టం హామీ ఇచ్చేది ఇంతే. ఆరు పడకలని ప్రకటించి 3,500 ప్లేటుతో అమ్మే పెద్ద మోటర్‌హోమ్ ఆరుగురిని పడుకోబెట్టగలదేమో, ఆరుగురితో చట్టబద్ధంగా ప్రయాణం చేయడం చాలా బండ్లలో సాధ్యం కాదు. పైగా పడకలు ఆరున్నా బెల్టులున్న సీట్లు నాలుగే ఉండే బండ్లు కొల్లలు. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు, అందరం కలిసి స్కాట్లాండ్ వెళ్దామనుకునేవాళ్లు పడకల కంటే ముందు బెల్టులు లెక్కపెట్టుకోవాలి.

మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు, యాక్సిళ్ల హద్దులు వేరు. ముందు 1,850, వెనక 2,000 అని ప్లేటు మీద ఉంటే, కలిపితే 3,850 వస్తుంది కానీ మొత్తం హద్దు 3,500 దగ్గరే ఆగుతుంది. కొంచెం అటూఇటూ సర్దుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. అయినా వెనక యాక్సిల్ తేలిగ్గా దాటిపోతుంది. కారణం వెనక వేలాడే భాగం. యాక్సిళ్ల మధ్య దూరం నాలుగు మీటర్లు, సైకిళ్ల స్టాండు వెనక యాక్సిల్‌కు రెండున్నర మీటర్లు వెనకగా ఉందనుకుంటే, అక్కడ తగిలించిన 60 కిలోలు వెనక యాక్సిల్ మీద 60గా పడవు. ముందు యాక్సిల్ నుంచి ఆరున్నర మీటర్లు, దాన్ని నాలుగుతో భాగించి 60తో హెచ్చిస్తే 97.5 కిలోలు. ఆ అదనపు 37.5 కిలోలు ముందు యాక్సిల్ మీద నుంచి ఎత్తినవి. ఎక్కువ మోటర్‌హోమ్‌లకు పునాది అయిన ఫియట్ డుకాటోలో ఇంజిను శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. ముందు భాగం తేలికైతే వాన పడ్డ క్యాంప్‌సైట్ గడ్డిలో చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. వెనకవైపు పెద్ద గరాజు (సామాను గది) ఉన్న మోడళ్లు చూడ్డానికి ఎంత ఆకర్షణో, యాక్సిల్ లెక్కలో అంత ప్రమాదం. అంత చోటు కనిపిస్తే నింపకుండా ఉండటం ఎవరి తరం?

బ్రిటన్‌లో వాహన తనిఖీ అధికారులు పట్టుకుంటే, హద్దును 10 శాతం లోపు దాటినందుకు 100 పౌండ్లు, 15 శాతం లోపు 200, ఆపైన 300. మరీ ఎక్కువైతే కోర్టు. జరిమానా కంటే ఇబ్బంది పెట్టేది బండిని అక్కడే ఆపేసే అధికారం. బరువు దించేదాకా కదలనివ్వరు. కుటుంబంతో సెలవులకు బయల్దేరినప్పుడు రోడ్డు పక్కన ఏం దించుతారు?

కాటా లేకుండా చేసే లెక్కంతా ఊహే. బ్రిటన్‌లో పబ్లిక్ వేబ్రిడ్జిలు ఉన్నాయి, కొద్ది పౌండ్లకే తూచి చీటీ ఇస్తారు. సెలవుకు వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలా, మనుషులతో, నీళ్లతో, సరుకులతో నింపి తూచాలి. ముందు మొత్తం, తర్వాత వెనక యాక్సిల్ ఒక్కటే.

తూచాక హద్దు దాటిందని తేలితే దారి రెండు రకాలు. బరువు తగ్గించుకోవచ్చు: లెడ్ బ్యాటరీ స్థానంలో లిథియం, ఉక్కు గ్యాస్ సిలిండర్ స్థానంలో తేలికైనది, దారిలో నీళ్లు నింపుకోకుండా క్యాంప్‌సైట్‌కు చేరాక నింపుకోవడం. లేదా ప్లేటు మార్పించుకోవచ్చు. యాక్సిళ్లు, టైర్లు మోయగలిగితే 3,500 బండిని 3,850కి పెంచడం చాలాసార్లు కాగితాల పనే, బండిలో ఏమీ మార్చక్కర్లేదు. కొన్నింటికి వెనక ఎయిర్ సస్పెన్షన్ కావాలి. పెంచిన మరుక్షణం అది సీ1 బండి అవుతుంది. 70 దాటి వైద్య నివేదిక కుదరనివాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. 3,850 ప్లేటును 3,500కి దించుతారు. లైసెన్స్ దక్కుతుంది, 350 కిలోల పేలోడ్ పోతుంది. తనంతట తానే 3,200 తూగే బండిని అలా దించుకుంటే అందులో ఇద్దరు వృద్ధులు, వాళ్ల మందుల పెట్టె పోగా పెద్దగా ఏం పట్టవు.

గీత దాటినందుకు ఇతర ఖర్చులూ ఉన్నాయి, కొన్ని బ్రిటన్‌లో, ఎక్కువ బయట. బ్రిటన్‌లో వేగ హద్దు గరిష్ఠ బరువును బట్టి కాదు, ఖాళీ బరువును బట్టి మారుతుంది. 3.05 టన్నులు దాటితే మామూలు రెండువైపుల రోడ్డు మీద 60 మైళ్లకు బదులు 50, డ్యుయల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడరున్న రోడ్డు) మీద 70కి బదులు 60. ఇంగ్లిష్ చానల్ దాటి వెళ్తే 3,500 అంకె ప్రతి సరిహద్దులోనూ ఎదురవుతుంది. ఆస్ట్రియాలో అది దాటిన బండికి మామూలు విగ్నెట్ (టోల్ స్టిక్కర్) చాలదు, గో-బాక్స్ అనే టోల్ పరికరం పెట్టుకుని కిలోమీటర్ల లెక్కన టోల్ కట్టాలి. స్విట్జర్లాండ్‌లో భారీ వాహనాల పన్ను వేరే. జర్మనీ ఆటోబాన్ మీద గంటకు 100 కిలోమీటర్లు, లారీలకు పెట్టిన ఓవర్‌టేక్ నిషేధం కూడా వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి బ్లైండ్ స్పాట్ (డ్రైవరుకు కనిపించని చోటు) హెచ్చరిక స్టిక్కర్లు అంటించాలి. వీటిలో ఏదీ భరించలేనిది కాదు. ఏటా యూరప్ తిరిగేవాళ్లకు మాత్రం కలిపితే గణనీయమే.

రూలు మారుతుందని ఆశించి ఎక్కువ బరువు బండి కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. బీ లైసెన్స్‌తో 4,250 కిలోల దాకా నడిపే సడలింపు బ్రిటన్‌లో 2025 జూన్ నుంచి విస్తరించింది, కానీ కాలుష్యం విడుదల చేయని బండ్లకే, అంటే ముఖ్యంగా ఎలక్ట్రిక్‌కు. ఇప్పుడు రోడ్డు మీదున్న మోటర్‌హోమ్‌లు దాదాపు అన్నీ డీజిల్‌వే. యూరోపియన్ యూనియన్ 2025లో ఆమోదించిన కొత్త నిబంధనలు శిక్షణో పరీక్షో పెట్టి మోటర్‌హోమ్‌లను 4,250 దాకా అనుమతించే దారి తెరిచాయి. సభ్యదేశాలు చట్టాలు మార్చుకుని అమలు చేయడానికి ఏళ్లు పడుతుంది, బ్రిటన్ ఆ యూనియన్‌లో లేదు.

ఇంతకీ ఏది కొనాలి? బీ మాత్రమే ఉన్న దంపతులిద్దరికీ ఆరు మీటర్ల వ్యాన్ కన్వర్షన్ 3,500లో హాయిగా సరిపోతుంది. గోడలు వ్యాను రేకువే కావడంతో, పొడవూ తక్కువ కావడంతో బరువు అదుపులో ఉంటుంది. ఇద్దరు పిల్లలుంటే అదే ప్లేటులో ఏడు మీటర్ల కోచ్‌బిల్ట్ బండి (చాసిస్ మీద గదిని విడిగా కట్టినది) కొనడం సాహసం. కాగితం మీద 500 కిలోల పైన పేలోడ్ ఉంటే తప్ప ఆలోచించకపోవడమే మేలు. అంతకంటే పెద్ద కుటుంబమైతే సీ1 టెస్టు రాయడమో, మోటర్‌హోమ్ ఆలోచన వదిలి కారు వెనక కారవాన్ లాగడమో తెలివైన పని. 2021 డిసెంబరు 16 నుంచి బీ లైసెన్స్ ఉన్నవాళ్లందరూ 3,500 కిలోల దాకా ట్రెయిలర్ లాగొచ్చు. రెండున్నర టన్నుల కారు, టన్నున్నర కారవాన్ కలిపి నాలుగు టన్నులకు లైసెన్స్ అడ్డు రాదు. అదే నాలుగు టన్నులు ఒకే చట్రం మీద ఉంటేనే అభ్యంతరం.

1997కి ముందు పాసైనవాళ్లకు నాలుగు టన్నుల పైన ప్లేటున్న బండి నిస్సందేహంగా మంచి ఎంపిక. బ్రేకులు, యాక్సిళ్లు, టైర్లు అన్నీ పని చేయాల్సిన దానికంటే ఒక మెట్టు పైన ఉంటాయి. కానీ అమ్మకం మాటా ఆలోచించాలి. 1996 చివరికి 17 నిండినవాళ్లంటే 1979 చివరిలోపు పుట్టినవాళ్లు. ఉచితంగా వచ్చిన సీ1 ఉన్నవాళ్లలో అతి చిన్నవాళ్లకు కూడా 2049 చివరికల్లా 70 నిండుతాయి. ఆ వరసలోకి కొత్తవాళ్లు చేరే దారి లేదు, వెళ్లిపోయేవాళ్లే. డీజిల్ బండ్లకు హద్దు పెరగకపోతే పెద్ద ప్లేటు బండ్లను సెకండ్‌హ్యాండ్‌లో కొనగలిగేవాళ్లు ఏటేటా తగ్గుతారు. కొనేవైపు ఉన్నవాళ్లకు అది బేరమాడే అవకాశం. పాత బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేటు మీది అంకె, వీ5సీ రిజిస్ట్రేషన్ పత్రంలోని అంకె ఒకటేనా అని పోల్చుకోవాలి, నిండుగా తూచిన చీటీ ఉందా అని అడగాలి. లేదంటే వేబ్రిడ్జి దాకా తీసుకెళ్లి తూచాకే అడ్వాన్సు ఇవ్వాలి.